ఎనిమిది రియాళ్ల నాణెము



మా యింటి కావడిపెట్టె అడుగున ఎఱ్ఱగుడ్డలో చుట్టిన వెండి నాణె మొకటి చిరకాల ముండెను. మా పూర్వులలో నొకరు కోరంగి ఓడపై పినాంగునకు పోయి వచ్చుచు దానిని తెచ్చిరని మా నాయనమ్మ చెప్పుచుండెడిది. పదునాలుగేండ్ల ప్రాయమున నేను దానిని చూచి, నల్లబడినదిగదా యని చింతపండుతోను ఇటుకపొడితోను తళతళలాడునట్లు తోమితిని. నాయనమ్మ మెచ్చుకొన్నది. ఆ తోముటలో నేనేమి పోగొట్టితినో నాకు తెలియుటకు ఇరువదియేండ్లు పట్టినది. ఆ మాటయే ఈ పూట మీకు విన్నవింతును.

అది స్పెయినురాజుల అమెరికా టంకశాలలలో పుట్టిన ఎనిమిది రియాళ్ల నాణెము. తూనిక సుమారు 27 గ్రాములు, అనగా రెండుంబావు తులములకు కొంచెము మించును. ఒకవైపున ఆకులదండ ధరించిన రాజు శిరస్సు, నాల్గవ చార్లెసు అను పేరు. రెండవవైపున రెండు స్తంభముల నడుమ కిరీటముతోడి డాలు. 'ఎమ్' అను అక్షరముపై చిన్న 'ఓ' యున్నది గనుక అది మెక్సికో నగరపు టంకశాలది. ఆ టంకశాల 1535లో స్థాపింపబడినది. నాణెముపై రెండు చిన్న ముద్ర లున్నవి. చీనా దేశపు వర్తకులు తాము పరీక్షించిన వెండిపై నిట్టి ముద్రలు కొట్టుచుండిరి. మెక్సికో వెండి అకపుల్కో రేవునుండి మనీలాకును, అచ్చటనుండి చీనాకును 1565 మొదలు 1815 వఱకు ఓడలలో పోయెడిది.

ఇంత చెప్పగలిగిన నాణెము తన పుట్టిన యేడు మాత్రము చెప్పజాలదు. సంవత్సరపు అంకెలును, వెండిని పరీక్షించిన అధికారి పేరులోని పొడియక్షరములును అదివఱకే సన్నగిలియుండెను. నా ఇటుకపొడి వానిని పూర్తిగ తుడిచివేసినది. చార్లెసు 1788 మొదలు 1808 వఱకు ఏలెను. ఆ యిరువదియేండ్లలో అది ఏ యేటిదైనను కావచ్చును.

అక్షరము లేకున్న నేమి, వెండి వెండియేగదా యందురేమో. ఆ యక్షరముల విలువ పొటోసి చరిత్రము చదివినవారికి తెలియును. నేటి బొలీవియా దేశమున, సముద్రమట్టమునకు 13,000 అడుగులకు పైనున్న ఆ కొండలో 1545లో వెండి కనబడెను. చుట్టుపట్టుల సీమల ఆదివాసులను వంతులవారీగా పట్టితెచ్చి గనులలో నిర్బంధముగ పని చేయించిరి. అచ్చటి తొలి నాణెములు గుండ్రనివి గావు. వెండికడ్డీలను ముక్కలుగ నఱికి, తూనిక సరిచూచి, అచ్చుల నడుమ నుంచి సుత్తితో మోదెడివారు. అంచులు వంకరగ నున్నను, పరీక్షాధికారి యక్షరమే దానికి పూచీ. 1640ల చివర ఆ టంకశాలలో వెండి తగ్గించి రాగి కలుపుచున్నారని విచారణలో తేలినది. ముఖ్యులు కొందఱు మరణశిక్ష పొందిరి. 1652లో నాణెముల రూపమునే మార్చవలసివచ్చెను. ఎవరి చేతిమీదుగా మోసము జరిగినదో ఆ చిన్న యక్షరములే పట్టియిచ్చును.

నాణెము తానొక్కటే సాక్షి కాదు. అది దొరకిన చోటును సాక్షియే. ఒక కుండలో నూఱు నాణెములు దొరకిన వనుకొందము. వానిలో అన్నిటికంటె క్రొత్తదాని సంవత్సరమునకు ముందు ఆ కుండను పూడ్చియుండరు. అన్నియు ఒకే యేటివై, అరుగక యున్నచో టంకశాలనుండి నేరుగ వచ్చినవి. పలు యేండ్లవై, అరిగియున్నచో ఒక సంసారము కూడబెట్టినవి కావచ్చును. ప్రక్కనున్న పెంకు, బొత్తాము, ఎముక దాచినవాని జాడ చెప్పును. కుండ బద్దలుకొట్టి నాణెములను పదిమంది పంచుకొన్న మఱునాడు ఆ కథ యెవరికిని తెలియదు.

సముద్రమునను ఇంతే. 1804 అక్టోబరు 5వ తేదీన పోర్చుగలు తీరమున మెర్సెడెసు అను స్పానిషు ఓడ ఆంగ్లేయ నౌకలతోడి పోరాటమున ప్రేలి మునిగెను. రెండువందలకు పైగా జనులు మరణించిరి. దియేగో దె అల్వెయారు అను నావికాధికారి తన భార్యయు పలువురు బిడ్డలును ఆ యోడతో పోవుచుండగా వేఱొక యోడనుండి చూడవలసినవాడాయెను. 2007లో ఒక అమెరికా సంస్థ ఆ చోటినుండి సుమారు ఆరు లక్షల నాణెములను పైకి తీసి ఫ్లోరిడాకు తరలించెను. స్పెయిను న్యాయస్థానమున వాదించి గెలిచి, 2012లో వానిని తెచ్చుకొన్నది. నాణెములు తిరిగివచ్చెను. కాని సముద్రగర్భమున ఏది ఏ పెట్టెలో, ఏ యెముక ప్రక్క నుండెనో ఆ వరుస తిరిగి రాదు. నా ఇటుకపొడి ఒక నాణెమునకు చేసినది, తొందరపాటు ఒక సమాధికి చేసినది.

ఈ వెండి మన తీరమునకును క్రొత్త కాదు. 17వ శతాబ్దమున డచ్చివారును ఇంగ్లీషువారును మచిలీపట్టణమున వస్త్రములు కొనుటకు దీనిని తెచ్చిరి. అందు చాలభాగము మూసలలో కరగి వేఱు రూపము దాల్చెను. అందుచే మిగిలినది మఱింత విలువైనది.

కాబట్టి నా మనవి యిది. పొలము దున్నునప్పుడో పునాది త్రవ్వునప్పుడో పాతనాణెము కంటబడినచో తోమకుడు, గీకకుడు. పునాదిలోని నల్లని తుప్పుముద్దను విడగొట్టకుడు. ఎంత లోతున, దేని ప్రక్క దొరకినదో వ్రాసియుంచుడు. పది రూపాయలకు మించిన నిక్షేపము దొరకినచో కలెక్టరునకు వ్రాతమూలముగ తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. దొరకినవాని హక్కును అది మఱవలేదు.

మా నాణె మిప్పుడు మరల నల్లబడినది. నేను దానిని తోమను. మా మనుమరాలు మొన్న చేతికి తీసికొని, "తాతయ్యా, ఇది ఏ యేటిది?" అని యడిగినది. నాకు తెలియదంటిని. ఎందుకు తెలియదో కూడ చెప్పితిని.