షార్లెట్స్ వెబ్: రెండోసారి చదివాక



పిల్లల నవలను విశ్లేషించడమంటే కథ చెప్పి, చివర నీతి రాయడం కాదని నాకు నేర్పిన పుస్తకం ‘షార్లెట్స్ వెబ్’. అమెరికన్ రచయిత ఇ.బి. వైట్ రాసిన ఈ నవల 1952లో వచ్చింది. బొమ్మలు గార్త్ విలియమ్స్ వేశారు.

బక్కగా పుట్టిన పందిపిల్ల విల్బర్‌ను మొదట ఫెర్న్ అనే పాప కాపాడుతుంది. తర్వాత షార్లెట్ అనే సాలెపురుగు, విల్బర్‌ను మెచ్చుకునే మాటలు తన గూటిలో అల్లి, వాణ్ణి కోతకు పోకుండా రక్షిస్తుంది.

మొదటిసారి కథ కోసం చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, రచయిత కాలాన్ని నడిపిన తీరు గమనించాను. వసంతంలో మొదలైన కథ వేసవి, చలికాలం దాటి మళ్లీ వసంతానికి చేరుతుంది. చావును అర్థం చేసుకోవడానికి ఆ ఋతుచక్రమే మనల్ని సిద్ధం చేస్తుంది. తిరునాళ్ల లాంటి పెద్ద సంతలో షార్లెట్ ఒంటరిగా చనిపోతుంది. రచయిత ఆ సంగతి దాచడు, సాగదీయడు. ఆమె గుడ్ల సంచిని విల్బర్ భద్రంగా కొట్టానికి చేరుస్తాడు. పుట్టిన పిల్లల్లో ముగ్గురు తప్ప అందరూ గాలిలో తేలి వెళ్లిపోతారు.

ఎలుక టెంపుల్టన్ పాత్ర నాకు మరీ నచ్చింది. తిండి ఆశ చూపితే గానీ సాయపడడు. అయినా అతను లేకపోతే విల్బర్ బతకడు. రచయిత అతన్ని చివరికి మంచివాడిగా మార్చెయ్యలేదు. పిల్లల తెలివి మీద ఆయనకున్న గౌరవం అది.

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఒక్క మనవి. పిల్లలు నవల చదివాక “నీతి ఏమిటి?” అని కాక, “రచయిత ఇలా ఎందుకు రాశారు?” అని అడగండి.