వానచినుకు - క్యాష్‌బుక్కు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫిజిక్సు గురించి మాట్లాడటానికి ఈ గుమాస్తాకు అర్హత ఏమిటని మీరనుకోవచ్చు. నాకున్నవల్లా ఒక పాత ప్రశ్న, ట్రెజరీలో ముప్ఫై ఏళ్లు క్యాష్‌బుక్కు రాసిన అలవాటు.

1967లో పి.యు.సి. చదువుతుండగా పైనుంచి పడే వస్తువు వేగానికి సూత్రం చెప్పారు. కిలోమీటరు ఎత్తునుంచి పడే వానచినుకుకు లెక్క కట్టాను. సెకనుకు 140 మీటర్లు వచ్చింది! "అలాగైతే గొడుగులకు చిల్లులు పడాలి కదండీ" అని అడిగాను. "గాలిని లెక్కలోకి తీసుకోవద్దు. పరీక్షకు పనికొచ్చేది చూసుకో" అన్నారు మాష్టారు. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత నేను ఫిజిక్సులో మరో ప్రశ్న వేయలేదు.

కిందటేడు బి.యస్సీ. మొదటి సంవత్సరంలో ఉన్న మా మనవరాలు అదే పాఠం దగ్గర ఆగిపోయింది. "సూత్రాలన్నీ వచ్చు తాతయ్యా, ఏదీ అర్థం కాలేదు. గ్రూపు మార్చుకుంటాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా చినుకు సంగతి చెప్పి, పాత లెడ్జరు తీశాను.

సెకనులో పదోవంతుకు ఒక వరుస. అప్పటి వేగం ఓపెనింగ్ బ్యాలెన్సు. భూమ్యాకర్షణ వల్ల ప్రతి వరుసకూ జమ 1 మీటరు. గాలి లాగేసేది ఖర్చు. వేగం రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది. పెద్ద చినుకుకు సుమారు 9 మీటర్ల వేగం దగ్గర జమాఖర్చులు సరిపోతాయి. క్లోజింగ్ బ్యాలెన్సు కింది వరుసకు ఓపెనింగ్ బ్యాలెన్సు. పదో వరుసకు వేగం 7.43, ఇరవయ్యో వరుసకు 8.86. తర్వాత ఎన్ని వరుసలు రాసినా 9 దాటలేదు. గొడుగు దక్కింది!

అదే లెక్కను అమ్మాయి పైథాన్‌లో నాలుగు వరుసల్లో రాసింది. తొందరపడి వరుసకు ఒక సెకను పెట్టింది. యంత్రం మారుమాట లేకుండా 10, 7.65, 10.42, 7.01 అని ఇచ్చింది. "కింద పడే చినుకు ఇలా ఊగదు కదా!" అని అమ్మాయే పట్టుకుంది. తప్పని కంప్యూటరు చెప్పలేదు. చేత్తో లెక్క రాసిన పిల్ల చెప్పింది.

ఇది కొత్త వింత కాదు. 1961-62లో అమెరికాలోని కాల్‌టెక్‌లో రిచర్డ్ ఫైన్‌మన్ మొదటి సంవత్సరం విద్యార్థులకు గ్రహాల నడకను ఇలాగే అంకెల పట్టిక వేసి చూపారు. కంప్యూటరును వేరే సబ్జెక్టుగా ఉంచక, ఫిజిక్సు పాఠంలోనే మొదటి ఏడాదినుంచే కలపాలని నా మనవి. ముందు పది వరుసలు చేత్తో, ఆ పైన వెయ్యి వరుసలు యంత్రంతో.

మనవరాలు గ్రూపు మార్చుకోలేదు. నా ప్రశ్నకు జవాబు రావడానికి యాభై ఏళ్లు దాటింది. మీ ఇంటి పిల్లలు అడిగినప్పుడు అంత కాలం ఆపకండి. జమాఖర్చు మనకు తెలిసిన విద్యే కనుక, పక్కన కూర్చోండి.