‘నాకు సైనస్ ఉంది’ అంటారు.. అసలు సైనస్ లేనిది ఎవరికి?

ఇవాళ్టి ఎపిసోడ్‌లో మన మొహం లోపల ఉన్న ఒక డ్రైనేజీ సిస్టమ్ గురించి మాట్లాడుకుందాం.

‘నాకు సైనస్ ఉంది బ్రో, చల్లటి నీళ్లు వద్దు’ అనే ఫ్రెండ్ మన ప్రతి గ్యాంగ్‌లో ఒకరు ఉంటారు. నిజానికి సైనస్ అందరికీ ఉంటుంది. ఒకటి కాదు, నాలుగు జతలు. చెంప ఎముకల్లో ఒక జత, కనుబొమల పైన నుదుట్లో ఒక జత, రెండు కళ్ల మధ్య తేనెపట్టులా చిన్న చిన్న గదులుగా ఒక జత, ముక్కు వెనకాల బాగా లోతుగా ఇంకో జత. సైనస్ అనేది జబ్బు పేరు కాదు, ఎముక లోపల ఉన్న గాలి గది పేరు. ఆ గదిలో వాపు వస్తే దాన్ని సైనసైటిస్ అంటారు. సో, ‘సైనస్ ఉంది’ అనడం అంటే ‘నాకు కడుపు ఉంది’ అన్నట్టే!

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చేసి కోడ్ రాసుకున్న మనిషిని. అందుకే మందుల డోసులు చెప్పను. లోపల సిస్టమ్ ఎలా పనిచేస్తుందో, ఎక్కడ జామ్ అవుతుందో మాత్రం చెప్తాను. అది అర్థమైతే మెడికల్ షాప్ కౌంటర్ దగ్గర సగం తప్పులు ఆగిపోతాయి.

డ్రైనేజీ ఎలా పనిచేస్తుంది?

మీ మేడ మీద వాటర్ ట్యాంక్ గుర్తుచేసుకోండి. నీళ్లు బయటికి పోయే పైపు కింద ఉంటుంది కదా. చెంపలో ఉన్న సైనస్‌కి మాత్రం దారి పైభాగంలో ఉంటుంది. అది కూడా కొన్ని మిల్లీమీటర్ల చిన్న రంధ్రం. అంటే మనం నిలబడి ఉన్నప్పుడు లోపలి ద్రవం తనంతట తాను కిందికి జారి బయటికి రాలేదు. మరి ఎలా వస్తుంది?

గది గోడల మీద కంటికి కనపడనంత సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి. వాటిని సీలియా అంటారు. అవి సెకనుకి దాదాపు 10 సార్లు ఒకే దిశలో ఊగుతూ, పైన ఉన్న పల్చటి జిగురు పొరని ఆ రంధ్రం వైపుకి నెడుతూ ఉంటాయి. ఊళ్లో నిప్పంటుకుంటే జనం వరసగా నిలబడి బకెట్లు చేతి నుంచి చేతికి అందిస్తారు చూడండి, అచ్చం అలాగే. ఆ జిగురులో దుమ్ము, పుప్పొడి, వైరస్‌లు అంటుకుపోతాయి. అక్కడి నుంచి ముక్కులోకి, ముక్కు వెనక నుంచి గొంతులోకి, చివరికి పొట్టలోకి. మనకి తెలియకుండానే రోజంతా మింగేస్తూ ఉంటాం. ఛీ అనుకోకండి, మనల్ని కాపాడే సిస్టమ్ అదే.

జామ్ ఎక్కడ అవుతుంది?

జలుబు చేసినా, దుమ్ము పడక అలర్జీ వచ్చినా ముక్కు లోపలి పొర వాస్తుంది. మిల్లీమీటర్ల రంధ్రం కదా, కొంచెం వాపుకే మూసుకుపోతుంది. లోపల జిగురు తయారవడం మాత్రం ఆగదు. బయటికి దారి లేదు, సీలియా కూడా నీరసపడతాయి. చెంపల్లో బరువు, వంగితే నొప్పి, వాసన తెలియకపోవడం, గొంతులోకి కారుతూ ఉండటం, రాత్రి దగ్గు.. ఇవన్నీ ఆ జామ్ వల్ల వచ్చేవే. సిగరెట్ పొగ సీలియాని దెబ్బతీస్తుంది. ముక్కు దూలం వంకర, ముక్కులో పాలిప్స్ ఉంటే దారి ఇంకా ఇరుకవుతుంది. పై దవడ పన్ను వేరు దగ్గర ఇన్ఫెక్షన్ ఉన్నా చెంప సైనస్‌లోకి పాకుతుంది. ఒక వైపు నుంచే కంపు కొట్టే చీమిడి వస్తుంటే పంటి డాక్టర్‌కి కూడా చూపించుకోండి.

యాంటీబయాటిక్ ఎప్పుడు?

ఇది చాలా ముఖ్యం. చీమిడి పచ్చగా మారగానే మెడికల్ షాప్‌కి వెళ్లి మూడు మాత్రల యాంటీబయాటిక్ స్ట్రిప్ అడిగేస్తాం. కానీ ఆ రంగు మన తెల్ల రక్తకణాల్లోని ఎంజైమ్ వల్ల వస్తుంది. వైరస్ జలుబులో కూడా పచ్చగానే ఉంటుంది. పెద్దవాళ్లలో జలుబుతో వచ్చే సైనస్ వాపు బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌గా మారేది సుమారు నూటికి ఒకరిద్దరిలోనే. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా అనవసరంగా వాడితే బ్యాక్టీరియా మొండికేస్తుంది, రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చు.

మరి బ్యాక్టీరియా అని డాక్టర్లు ఎప్పుడు అనుమానిస్తారు? మూడు గుర్తులు పెట్టుకోండి. ఒకటి, 10 రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోవడం. రెండు, మొదట్లోనే 102 డిగ్రీల జ్వరం, చిక్కటి చీమిడి, మొహం నొప్పి కలిసి వరసగా మూడు నాలుగు రోజులు ఉండటం. మూడు, తగ్గుతోంది అనుకున్నాక మళ్లీ ఒక్కసారిగా ఎక్కువవడం. ఇందులో ఏది కనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. 12 వారాలు దాటితే అది దీర్ఘకాలిక సమస్య, ఈఎన్‌టీ డాక్టర్ చూడాల్సిందే.

ఇంకో ట్విస్ట్. ‘సైనస్ తలనొప్పి’ అనుకునేది చాలాసార్లు మైగ్రేన్. 2004లో అమెరికాలో తమకి సైనస్ తలనొప్పి అని చెప్పుకున్న దాదాపు 3 వేల మందిని పరీక్షిస్తే, 88 శాతం మందివి మైగ్రేన్ లక్షణాలే. ముక్కు దిబ్బడ లేకుండా తల ఒక పక్క పోట్లు పొడుస్తూ, వాంతి వచ్చేలా ఉండి, వెలుతురు చూడలేకపోతుంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి.

ఇంట్లో ఏం చేయొచ్చు?

మొదటిది ఉప్పునీళ్లతో ముక్కు కడగడం. యోగాలో జలనేతి అంటారు. జిగురు పల్చబడుతుంది, దుమ్ము కొట్టుకుపోతుంది. ఒక గ్లాసు, అంటే 240 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లకి అర టీస్పూన్‌కి కాస్త తక్కువ అయొడిన్ కలపని ఉప్పు, చిటికెడు వంటసోడా. ఇదంతా ఎందుకంటే మెడికల్ షాప్‌లో రెడీమేడ్ ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. సింక్ మీద వంగి, తల పక్కకి తిప్పి, నోటితో గాలి పీలుస్తూ పై ముక్కు రంధ్రంలో పోస్తే కింది దాంట్లోంచి వచ్చేస్తుంది. తర్వాత మెల్లగా చీదండి, గట్టిగా వద్దు. ముక్కు పూర్తిగా మూసుకుపోయినా, చెవి నొప్పి ఉన్నా చేయకండి.

ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం నో కాంప్రమైజ్. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా వాడొద్దు. ఫిల్టర్ నీళ్లు కూడా సూక్ష్మజీవులు లేని నీళ్లని గ్యారంటీ లేదు. 3 నుంచి 5 నిమిషాలు కళపెళా మరిగించి చల్లార్చిన నీళ్లు, లేదా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఎందుకంటే నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా ఉంది. అది ఉన్న నీళ్లు తాగితే ఏం కాదు, ముక్కులోకి పోతే మెదడుకి ఎక్కుతుంది. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు చనిపోయారు. మన పక్కన కేరళలో కూడా ఈ అమీబా కేసులు వచ్చాయి. చాలా అరుదే, కానీ వస్తే బతకడం కష్టం. ఐదు నిమిషాల గ్యాస్ ఖర్చుకి వెనకాడొద్దు.

రెండోది ముక్కు చుక్కలు. వేయగానే నిమిషాల్లో ముక్కు తెరుచుకునే దిబ్బడ చుక్కలు, అంటే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ రకాలు, మూడు నుంచి ఐదు రోజులకి మించి వాడకూడదు. మించితే ఆపినప్పుడల్లా ముక్కు ఇంకా ఎక్కువ మూసుకుపోతుంది, మళ్లీ చుక్కలు, మళ్లీ దిబ్బడ.. ఇన్ఫినిట్ లూప్! అలర్జీకి డాక్టర్ రాసే స్టెరాయిడ్ స్ప్రే వేరు. అది రోజూ వాడాలి, పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. తల కొంచెం వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో, చెవి వైపుకి కొట్టండి. మధ్య గోడకి కొడితే రక్తం వస్తుంది.

మూడోది ఆవిరి. పట్టినంతసేపు హాయిగా ఉంటుంది కానీ, జబ్బుని తగ్గిస్తుందని గట్టి ఆధారం లేదు. మరిగే గిన్నె ముందు దుప్పటి కప్పుకుని కూర్చుంటే కాలే ప్రమాదం ఉంది, పిల్లల్ని అస్సలు కూర్చోబెట్టకండి. వేడి నీళ్ల స్నానం చాలు. నీళ్లు బాగా తాగండి, రాత్రి తల కింద ఇంకో దిండు పెట్టుకోండి, ఏసీ ఫిల్టర్ కడగండి, దుమ్ము దులిపేటప్పుడు మాస్క్ పెట్టుకోండి.

ఆలస్యం చేయకూడనివి

కన్ను చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనపడటం, భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, మగత.. ఇవి వస్తే అదే రోజు హాస్పిటల్. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లకి మొహం ఒక పక్క తిమ్మిరి, ముక్కులో నల్లటి పక్కు కనపడితే గంటలు లెక్కే. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు కోఠి ఈఎన్‌టీ హాస్పిటల్ ఎలా నిండిపోయిందో గుర్తుంది కదా. ఆ ఫంగస్ ముక్కు, సైనస్‌ల్లోంచే కంటికి పాకేది.

సో ఫ్రెండ్స్, సైనస్‌కి కావాల్సింది మూడే: దారి తెరిచి ఉండటం, జిగురు పల్చగా ఉండటం, సీలియా ఆరోగ్యంగా ఉండటం. జలుబుకి 10 రోజులు టైమ్ ఇవ్వండి, నీళ్లు మరిగించండి, చుక్కలు ఐదు రోజుల్లో ఆపేయండి. చుక్కల బాటిల్ జేబులో పెట్టుకుని తిరిగే ఫ్రెండ్ ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి ఇప్పుడే పంపించండి. మళ్లీ కలుద్దాం, బై!