పాత ఛాయాచిత్రములలో జర్మను కారులు



1930 నాటి దశకపు జర్మను కారు బొమ్మ చేతికి వచ్చినపుడు మనము రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఇంజనును, ఛాసిస్‌ను చేసినదెవరు? పైబాడీ కట్టినదెవరు? నాడు ఖరీదైన కారులలో ఈ రెండును తరచుగా వేర్వేరు చేతుల పని. మైబాఖ్ కారులకు పెక్కింటికి బాడీ కట్టినది రావెన్స్‌బుర్గులోని ష్పోన్ కర్మశాల. హోర్ఖ్ కారులకు బెర్లినులోని ఎర్డ్‌మన్-రోసీ వారును, డ్రెస్డెనులోని గ్లేజర్ వారును కట్టిరి.

మొదటి ప్రశ్నకు రేడియేటరు జవాబు చెప్పును. జంట 'ఎం' గుర్తు మైబాఖ్‌ది. నాలుగు వలయములు 1932లో ఏర్పడిన ఆటో యూనియనువి, ఆడి, డి.కె.డబ్ల్యు., హోర్ఖ్, వాండరర్ నాలుగింటికిని అవి ఉమ్మడి గనుక వలయములను మాత్రమే చూచి పేరు పెట్టరాదు. నంబరు పలకపై 'ఐ ఏ' యున్నచో అది బెర్లినులో నమోదైన బండి. అంతమాత్రమున బెర్లినులో కట్టినదని కాదు.

రెండవదానికి బాడీ ప్రక్కన, తలుపునకు ముందు, క్రిందుగా బిగించిన చిన్న బిళ్లను వెదకవలెను. అది కానరానిచో మడ్‌గార్డుల వంపును, మడత టాపు తీరును పేరు రూఢియైన బొమ్మలతో పోల్చవలెను. పోలిక మాత్రమే దొరికినచో 'కావచ్చును' అనియే వ్రాయుదము. ఒకరి తీరు నొకరు అనుసరించుట ఆ వృత్తిలో నుండినదే.

1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్ బాంబులపాలైనది. కారును కాగితమును పోయినచోట ఛాయాచిత్రమే సాక్షి. ఆ సాక్షి చెప్పని మాటను మనము చెప్పింపరాదు.