గద్దర్ క్యాసెట్‌లోంచి జనాన్ని తీసేస్తే?

ఈరోజు ఎపిసోడ్ ఉస్మానియా యూనివర్సిటీలో, ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చుని చేస్తున్నాం. వెనకాల బండ్ల హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి. మన టాపిక్ కూడా అదే, రికార్డింగులో పక్క చప్పుడు.

రాజకీయంగా పెద్ద లైవ్ రికార్డింగ్ ఏది అంటే రాక్ అభిమానులు వెంటనే వుడ్‌స్టాక్ అంటారు. 1969 ఆగస్టు 18, సోమవారం పొద్దున. ఒకప్పుడు సైన్యంలో పనిచేసిన జిమీ హెండ్రిక్స్, అమెరికా జాతీయ గీతాన్ని ఒక్క మాట పాడకుండా గిటార్ మీద వాయించాడు. మధ్యలో తీగలు బాంబులు పడ్డట్టు అరుస్తాయి. అవతల వియత్నాం యుద్ధం నడుస్తోంది. ఇక వివరించేదేముంది?

సరిగ్గా అదే ఏడాది ఈ క్యాంపస్ తెలంగాణ ఉద్యమంతో ఉడికిపోతోంది. అందులో తిరిగిన కుర్రాళ్లలో తూప్రాన్ నుంచి వచ్చిన గుమ్మడి విఠల్ రావు ఒకడు. ఇక్కడే ఇంజనీరింగ్‌లో చేరాడు. తర్వాత కెనరా బ్యాంకులో ఉద్యోగం, 1984లో దానికీ రాజీనామా. మనందరికీ ఆయన గద్దర్. (ఇంజనీరింగ్ చదివి ఇంకో పనిలో పడ్డవాళ్ల లిస్టులో నేను ఎక్కడో కింద ఉంటాను లెండి.)

జన నాట్య మండలి, కారంచేడు తర్వాత అజ్ఞాతం, ఇవన్నీ మీకు తెలిసినవే. 1990 ఫిబ్రవరిలో, చెన్నారెడ్డి ప్రభుత్వం ఆంక్షలు సడలించాక, నిజాం కాలేజీ గ్రౌండ్స్‌లో మళ్లీ జనం ముందుకొచ్చాడు. రెండు లక్షల మంది వచ్చారని చెప్పుకుంటారు.

ఇప్పుడు అసలు విషయం. తార్నాకలో నా రూమ్ ఉన్న బిల్డింగ్ ఓనర్ అంకుల్, రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్, ఒక క్యాసెట్ ఇచ్చారు. పైన పెన్నుతో "భక్తి పాటలు" అని ఉంది. లోపల గద్దర్ సభ! "అప్పుడు సంచిల ఈ క్యాసెట్ దొరికితే ఊకుంటరా? అందుకే అట్ల రాసిన" అన్నారు. ఏ ఊరి సభో, ఏ సంవత్సరమో ఆయనకీ గుర్తులేదు, చేతులు మారి వచ్చిందట.

కోఠి గుజరాతీ గల్లీలో పాత డెక్కుకి బెల్టు మార్పించి విన్నాను. గజ్జెల చప్పుడు, డోలక్, మైకు కూత, ఎవరిదో దగ్గు. బుర్రకథలో వంతగాళ్లు అందుకున్నట్టు, ముందు స్టేజీ మీదివాళ్లు పల్లవి అందుకుంటారు. మూడోసారికి గ్రౌండ్ అందుకుంటుంది. కానీ ఆ జవాబు ఒక్కసారిగా రాదు. ముందు వరసలు అనేస్తాయి, ఆ మాటే వెనక్కి సాగుతూ సాగుతూ వినిపిస్తుంది.

ఎందుకలా? ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. మైకుల హారన్లు స్టేజీ దగ్గరే ఉన్నాయనుకోండి. 100 మీటర్ల దూరంలో ఉన్నవాడికి పాట చేరడానికి 0.3 సెకను, వాడి గొంతు స్టేజీ మైకు దాకా రావడానికి ఇంకో 0.3. అంటే ఆ సాగిన మాటలో జనం ఎంత దూరం దాకా నిలబడ్డారో ఉంది! పోలీసు లెక్కలూ కావు, పార్టీ లెక్కలూ కావు. టేపు మీద పడిన లెక్క.

తర్వాత అదే ఫైల్‌ని, గొంతుని విడదీసే ఒక ఏఐ టూల్‌లో వేసి చూశాను. దానికి జనం అంటే నాయిస్. శుభ్రంగా తుడిచేసింది. గద్దర్ గొంతు అద్దంలా వచ్చింది, అందులో సందేహం లేదు. కానీ ఆయన లైను పాడి ఆగుతాడు, ఎవరూ పలకరు. మళ్లీ పాడతాడు, మళ్లీ ఆగుతాడు. అంకుల్‌కి వినిపిస్తే, "ఇదేందయ్యా, ఉత్త గ్రౌండ్ల పాడినట్టుంది" అన్నారు.

హెండ్రిక్స్ రికార్డింగుకి ఈ బాధ లేదు. సోమవారం పొద్దుటికి వుడ్‌స్టాక్ జనంలో చాలామంది ఇంటిదారి పట్టేశారు. ఉన్నవాళ్ల అరుపులు తీసేసినా గిటార్ చెప్పాల్సింది చెప్పేస్తుంది. గద్దర్ పాటలో సగం జనం దగ్గరుంది. ఇప్పుడు నెట్‌లో "క్లీన్ ఆడియో" అని పెడుతున్న పాత సభల పాటలు వింటే నాకు భయం వేస్తోంది. ఆయన నమ్మిన తుపాకీ దారి నేను నమ్మను. 2018లో ఆయనే మొదటిసారి వెళ్లి ఓటేశాడు. అయినా, ఇంతమంది ఒకే మాట కలిసి అన్నారు అన్న సాక్ష్యాన్ని తుడిచేసే హక్కు నాకు లేదు, సాఫ్ట్‌వేర్‌కి అసలే లేదు.

1997 ఏప్రిల్ 6న కాల్పులు జరిగాయి. ఒక తూటా 2023 ఆగస్టు 6న చనిపోయేదాకా ఆయన ఒంట్లోనే ఉంది. మనిషి వెళ్లిపోయాడు, టేపులు కూడా వెళ్లిపోతున్నాయి. బూజు పడుతోంది, పొర రాలుతోంది.

మీ ఇంట్లో ఇలాంటి క్యాసెట్ ఉంటే దొరికిన డెక్కులో వేసేయకండి, తల శుభ్రం చేసిన డెక్కులోనే పెట్టండి. 24 బిట్ వేవ్ ఫైల్‌గా తీయండి. నాయిస్ రిడక్షన్ ఆఫ్. వేరే కాపీ మీద ఎన్ని ప్రయోగాలైనా చేసుకోండి, అసలుది మాత్రం ముట్టుకోవద్దు. ఏ ఊరు, ఏ సభ, మీకు ఎవరిచ్చారు, ఇవి ఇంట్లో పెద్దవాళ్లని ఇప్పుడే అడిగి రాసి పెట్టండి.

అంకుల్ క్యాసెట్ బి సైడ్ ఇంకా తీయలేదు. టేపు అంటుకుపోతోంది. ఆదివారం మళ్లీ కోఠికి పోవాలి.