గ్రహాలు కూడా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కురవిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల దినోత్సవం నాడు మైకు ముందుకు వచ్చిన వారెవరైనా నకారా కేసుతో మొదలుపెట్టడం ఆనవాయితీ. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు పెన్షన్ అన్నది యజమాని దయ కాదు, ఉద్యోగి హక్కు అని చెప్పింది. ఆ రోజును తలుచుకొని, నేను మాత్రం ఈ పూట వేరే సంగతి మాట్లాడతాను. ఇది ఆకాశం సంగతి. "ఈ వయసులో మనకెందుకయ్యా ఆకాశం, ఎలాగూ అటే పోతాం కదా" అని వెనక వరుసలో ఎవరో అననే అన్నారు. పోయేలోపు ఒక పని మిగిలి ఉంది, అందుకే చెబుతున్నాను.

ఏటా మనమందరం లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. వేలిముద్ర యంత్రం దగ్గరైతే మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా సరిపోదు, ముద్ర పడాలి. బట్టలుతికి, అంట్లు తోమి మా ఇంటావిడ వేలిగీతలు అరిగిపోయాయి. నాలుగుసార్లు వేలు పెట్టినా యంత్రం ఒప్పుకోలేదు. అప్పుడు పక్కనున్న నా మనుమరాలు నవ్వి, "తాతయ్యా, మేం చదివేది కూడా ఇదే. దూరంగా ఉన్న గ్రహం మీద ప్రాణం ఉందా అని రుజువు అడుగుతున్నాం. అక్కడా వేలిముద్ర సరిగా పడటం లేదు" అంది. ఆ పిల్ల భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతోంది. ఈ ప్రసంగానికి మూలం ఆ మాటే.

మన సూర్యుడి చుట్టూ గ్రహాలున్నట్టే ఇతర నక్షత్రాల చుట్టూ కూడా ఉంటాయని పెద్దలు ఎప్పటినుంచో ఊహించారు. సూర్యుని వంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని మొదటిసారి కనిపెట్టినది 1995లో. స్విట్జర్లాండుకు చెందిన మిషెల్ మేయర్, దిదియే కెలో అనే ఇద్దరు 51 పెగసీ బి అనే ఆ గ్రహాన్ని పట్టుకున్నారు. అక్కడ ఏడాది అంటే మనకు నాలుగు రోజుల పైచిలుకు. ఆ పనికి వారికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆనాడు ఒకటి. 2025 సెప్టెంబరు నాటికి నిర్ధారణ అయినవి 6,000 దాటాయి.

కనబడని గ్రహాన్ని ఎలా కనుక్కుంటారు? వీరభద్రస్వామి గుడిలో దీపం వెలుగుతుంటే దూరంగా నిలబడి చూస్తున్నామనుకోండి. ఒక పురుగు దీపం ముందునుంచి పోతే వెలుగు రవ్వంత తగ్గుతుంది. పురుగు కనబడకపోయినా, తగ్గిన వెలుగును బట్టి అది ఎంత పెద్దదో, ఎన్నాళ్లకొకసారి తిరిగి వస్తుందో లెక్క కట్టవచ్చు. మన సూర్యుడి ముందునుంచి భూమి వంటి గ్రహం పోతే తగ్గేది సుమారు 12,000 పాళ్లలో ఒక పాలు. అంత సూక్ష్మాన్ని కొలిచే పనిముట్లు ఇప్పుడున్నాయి.

గ్రహం దొరికాక దాని గాలిలో ఏముందో చూడాలి. నక్షత్రపు వెలుగు ఆ గాలి గుండా వచ్చేటప్పుడు ఒక్కొక్క వాయువు ఒక్కొక్క రంగు దగ్గర తన గీత వేస్తుంది. ఆ గీతలే వేలిముద్రలు. ఈ విద్య మన నేలకు కొత్తది కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ అనే శాస్త్రవేత్త మన గుంటూరులోనే ఉండి సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. హీలియం వాయువు కథ ఆ గీతలతోనే మొదలైంది.

ఇక ప్రాణం రుజువు సంగతి. కేంబ్రిడ్జిలో పనిచేసే భారతీయ సంతతి ఆచార్యులు నిక్కు మధుసూదన్ బృందం 124 కాంతి సంవత్సరాల దూరంలోని కె2-18 బి అనే గ్రహాన్ని పరిశీలించింది. 2023లో దాని గాలిలో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ జాడలున్నాయని చెప్పారు. 2025 ఏప్రిల్‌లో, మన భూమి మీద సముద్రపు నాచు వంటి జీవులు ఉత్పత్తి చేసే ఒక గంధకపు వాయువు ఆనవాలు కనిపించిందన్నారు. అదే కొలతలను ఇతరులు మళ్లీ పరీక్షించి, అంత గట్టిగా చెప్పడానికి వీల్లేదన్నారు. అంటే వేలు పెట్టారు, యంత్రం ఇంకా ఒప్పుకోలేదు. మన ఇంటావిడ కేసే!

ఇదంతా విదేశాల ముచ్చట అనుకోవద్దు. హైదరాబాదులో ఈసీఐఎల్ దగ్గర టాటా సంస్థ వారి బెలూన్ కేంద్రం ఉన్నది. 2005 ఏప్రిల్ 20న అక్కడినుంచి ఒక పెద్ద బెలూన్ లేచింది. గాలి తీసేసి శుభ్రపరచిన 16 ఉక్కు గొట్టాలను, ద్రవ నియాన్‌తో చల్లబరిచి, అది పైకి మోసుకుపోయింది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గొట్టాలను తెరిస్తే, ఆ చలికి బయటి గాలి లోపలికి వచ్చి గడ్డకడుతుంది. కిందికి దించాక హైదరాబాదులోని సీసీఎంబీలోను, పుణెలోని మరో ప్రయోగశాలలోను పరీక్షించారు. ఈ పనికి పెద్ద దిక్కు జయంత్ నార్లికర్ గారు. 12 రకాల బాక్టీరియా, 6 రకాల శిలీంధ్రాలు పెరిగాయి. వాటిలో మూడు బాక్టీరియాలు అంతకుముందు ఎవరూ ఎరుగనివి. అతినీలలోహిత కిరణాలకు తట్టుకునే శక్తి వాటికి ఎక్కువ. ఒకదానికి ఫ్రెడ్ హోయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టారు. 2009లో ఈ సంగతి ప్రకటించినప్పుడు, ఇవి భూమికి బయటివని దీనితో తేలలేదు అని కూడా వారే చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. లేని రుజువు ఉన్నట్టు రాయలేదు.

ఇప్పుడు నా సొంత సంగతి. నేను ముప్పై ఏళ్లకు పైగా బడిపిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఆ నీడ కర్ణాటక మీదుగా, మన తెలంగాణ మీదుగా ఒరిస్సా వైపు సాగింది. ఉస్మానియా వారి రంగాపూర్ వేధశాలకు దేశవిదేశాల శాస్త్రవేత్తలు వచ్చి కూర్చున్నారు. నేనేం చేశాను? గ్రహణం ఎలా పడుతుందో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన మాస్టారునే, ఆ పూట తలుపులు, కిటికీలు మూసి, మూడేళ్ల బిడ్డను ఒళ్లో పెట్టుకొని చీకట్లో కూర్చున్నాను.

ఆ బిడ్డే 1997లో బి.ఎస్సీ. పాసై, ఉస్మానియాలో ఎం.ఎస్సీ. ఖగోళశాస్త్రం చదువుతానని వచ్చింది. సీటు వచ్చిన ఉత్తరం చూపించింది. "చుక్కలు లెక్కపెడితే ఉద్యోగం వస్తదా బిడ్డా? సంబంధం వచ్చింది, మంచి కుటుంబం" అన్నాను. అది ఎదురు చెప్పలేదు. ఉత్తరం మడిచి నా బల్ల మీద పెట్టి, "సరే బాపూ" అంది. ఆ ఉత్తరం నా సొరుగులో చాలా ఏళ్లున్నది. అల్లుడు మంచివాడే, పిల్ల సుఖంగానే ఉంది. అయినా ఆ "సరే బాపూ" అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఒకసారి గ్రహణానికి, ఒకసారి బిడ్డ చదువుకు, రెండుసార్లు తలుపు మూసినవాణ్ణి నేను.

ఇప్పుడు దాని కూతురి వంతు. ఖగోళ శాస్త్రజ్ఞుల సమావేశానికి ఈ పిల్ల తన ప్రాజెక్టు సారాంశం పంపితే, పోస్టరు పెట్టడానికి అంగీకరించారు. ఇంట్లో మళ్లీ అదే చర్చ. ఆడపిల్లను అంత దూరం ఎలా పంపడం, ఆ డబ్బుతో బ్యాంకు పరీక్షకు కోచింగు ఇప్పిస్తే పోలేదా? అందరూ నా వైపు చూశారు. మా బిడ్డ కూడా చూసింది, ఏమీ అనలేదు. నేను లేచిపోయి సొరుగు తెరిచి, ఆ పాత ఉత్తరం తెచ్చి దాని చేతిలో పెట్టాను. అది చదువుకొని, "దీన్ని పంపుదాం బాపూ, తోడు నేను పోతా" అంది. ఆ మాటతో చర్చ ముగిసింది.

మరి ఇటువంటి అవకాశాలు ఎవరికి, ఎక్కడ ఉన్నాయి? మీ ఇళ్లలో పిల్లలుంటారు కనుక నాకు తెలిసినంత చెబుతాను.

తొమ్మిదో తరగతి పిల్లలకు ఇస్రో వారు 2019లో యువికా అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఎంపికలో గ్రామీణ బడుల పిల్లలకు ప్రత్యేక వెయిటేజీ ఉంటుంది. ఆపై తరగతుల వారికి ఖగోళ ఒలింపియాడ్ ఉన్నది. మొదటి పరీక్ష భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల సంఘం, తర్వాతి దశలు ముంబైలోని హోమీ భాభా కేంద్రం జరుపుతాయి. 2025 ఆగస్టులో అంతర్జాతీయ పోటీ ముంబైలోనే జరిగింది.

డిగ్రీ, పీజీ పిల్లలకు పుణెలోని ఐయూకా, బెంగళూరులోని ఖగోళభౌతిక సంస్థ, అహ్మదాబాదులోని పీఆర్ఎల్ వంటివి సెలవుల్లో శిక్షణ ఇస్తాయి. ఆ పీఆర్ఎల్ వారే అబూ పర్వతం మీది తమ పనిముట్టుతో 2018లో, మళ్లీ 2024లో కొత్త గ్రహాల బరువు తూచి ప్రకటించారు. పరిశోధనకు పోవాలంటే జెస్ట్, నెట్, గేట్ వంటి పరీక్షలున్నాయి. "జీతమెంత?" అని మీరు అడుగుతారని తెలుసు. జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు చేశారు, ఇంటి అద్దె భత్యం వేరు. మనలో చాలామంది పెన్షను కంటే అది తక్కువేమీ కాదు.

ఇక సమావేశాలు. భారత ఖగోళ సంఘం 1972లో ఏర్పడినప్పటి నుంచి దానికి మన ఉస్మానియాతో అనుబంధం ఉన్నది. ఆ సంఘం ఏటా ఒక్కొక్క ఊరిలో సమావేశం జరుపుతుంది. 2018లో ఉస్మానియాలోనే జరిగింది. అంతర్జాతీయ ఖగోళ సంఘం మహాసభ మూడేళ్లకొకసారి. 2024లో కేప్‌టౌన్‌లో జరిగింది, 2027 ఆగస్టుకు రోమ్ నగరాన్ని నిర్ణయించారు. ఆ సంఘానికి 1979లో అధ్యక్షుడైన వేణు బప్పు ఎవరనుకున్నారు? తండ్రి బేగంపేటలోని నిజామియా వేధశాలలో పనిచేస్తుంటే, హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన అబ్బాయి. హార్వర్డుకు పోయి, 1949లో మరో ఇద్దరితో కలిసి ఒక తోకచుక్కను కనిపెట్టాడు. ఆనాడు ఆ ఇంట్లో ఎవరూ తలుపు మూయలేదు.

ఇటువంటి సమావేశాలకు సారాంశం పంపే గడువు నెలల ముందే ముగుస్తుంది. విద్యార్థులకు రుసుము తగ్గిస్తారు, కొన్నిచోట్ల ప్రయాణ సహాయం ఉంటుంది. కానీ అడిగినవారికే అది దక్కుతుంది, గడువు తెలిసినవారే అడగగలరు. పట్నం పిల్లలకు ఎవరో ఒకరు చెబుతారు. కురవి పిల్లలకు ఎవరు చెప్పాలి? మనకు పొద్దున పేపరు చదివే తీరిక ఉంది, దరఖాస్తులు నింపడంలో జీవితమంతా గడిపిన అనుభవం ఉంది. జతపరచవలసిన పత్రాలు, గెజిటెడ్ సంతకం, ఆఖరు తేదీ, ఇవి మనకంటే ఎవరికి బాగా తెలుసు?

అందుకని సంఘం పెద్దలకు రెండు విన్నపాలు. ఒకటి, మన నోటీసు బోర్డులో డీఏ ఉత్తర్వుల పక్కన ఒక మూల పిల్లల పరీక్షలు, శిక్షణలు, వాటి ఆఖరు తేదీల కోసం కేటాయించాలి. ఆ కాగితాలు రాసి అంటించే బాధ్యత నాది. రెండు, ఇటువంటి పనికి పోయే పేదపిల్లలకు రైలు చార్జీల కోసం చిన్న నిధి పెట్టాలి. నా వంతు డీఏ బకాయిలు వచ్చాక ఇద్దామనుకున్నాను గానీ, అంతవరకు నా లైఫ్ సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో! అందుకే ఈ నెల పెన్షనులో నుంచి 5,000 రూపాయలు ఇప్పుడే కోశాధికారి గారికి అందజేస్తున్నాను.

వేరే గ్రహం మీద ప్రాణముందో లేదో మన కాలంలో తేలకపోవచ్చు. మన ఇంటి పిల్లల్లో ఆసక్తి ప్రాణంతో ఉందో లేదో మాత్రం ఈ రాత్రి భోజనాల దగ్గర అడిగి తెలుసుకోవచ్చు. అడగండి. వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి. తలుపు మాత్రం మూయకండి.