ఎవరూ కొనని ఊరి పాటలు: కింక్స్ బ్యాండ్ 1968 ఆల్బమ్

ఈ ఎపిసోడ్ మా పెనుబల్లిలో, ఇంటి డాబా మీద రికార్డ్ చేస్తున్నా. సత్తుపల్లి రోడ్డు మీద లారీల హారన్లు వినపడితే కొంచెం సర్దుకోండి.

బ్రిటిష్ రాక్ అనగానే మనకి బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్, క్వీన్ గుర్తొస్తారు. బీటెక్‌లో హాస్టల్ హార్డ్ డిస్కుల్లో నాకు దొరికింది కూడా వాళ్లే. ఈ రోజు మాత్రం, రిలీజైనప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక ఆల్బమ్ గురించి మాట్లాడుకుందాం. పేరు కొంచెం పొడుగు: 'ది కింక్స్ ఆర్ ది విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ'. విలేజ్ గ్రీన్ అంటే ఊరి మధ్యలో అందరికీ చెందిన పచ్చిక బయలు. మనకి రచ్చబండ ఎలాగో వాళ్లకి అది అలాగ. దాన్ని కాపాడే సంఘం మేమే అంటున్నారన్నమాట.

కింక్స్ అనామకులేం కాదు. 1964లో 'యూ రియల్లీ గాట్ మీ' బ్రిటన్‌లో నంబర్ వన్. కానీ 1965 టూర్ తర్వాత అమెరికాలో సంగీతకారుల యూనియన్ వీళ్లకి పర్మిట్లు ఆపేసింది. 1969 దాకా అక్కడ స్టేజ్ ఎక్కలేదు. చుట్టూ అందరూ గిటార్ సౌండ్ పెంచుకుంటూ పోతుంటే, పాటలు రాసే రే డేవిస్ మాత్రం పాత దోస్తులు, ఊరి పచ్చిక, ఫొటో ఆల్బమ్‌ల మీద రాస్తూ కూర్చున్నాడు.

ముందు 12 పాటలతో ఆల్బమ్ రెడీ అయింది. రే దాన్ని బ్రిటన్‌లో ఆపించి, 15 పాటలు చేశాడు. ఆ మార్పుల్లో, అదే ఏడాది అక్కడ 12వ స్థానం దాకా వెళ్లిన 'డేస్' పాటని తీసేశాడు! ఉన్న ఒక్క హిట్టూ పోయింది. చివరికి 1968 నవంబర్ 22న రిలీజ్. అదే రోజు బీటిల్స్ వాళ్ల 30 పాటల వైట్ ఆల్బమ్ కూడా వచ్చింది. కింక్స్ ఆల్బమ్ బ్రిటన్‌లో గానీ అమెరికాలో గానీ చార్టుల్లోకే ఎక్కలేదు.

మనకిది కొత్తేం కాదు కదా. 2010లో 'ఆరెంజ్' ఫ్లాప్ అన్నాం. 2023 రీ రిలీజ్‌లో థియేటర్లో నిలబడి ఆ పాటలే పాడాం. పాటలు మారలేదు, మనమే లేటుగా వెళ్లాం.

సరే, ఏం వినాలి? ముందు 'ఫినామినల్ క్యాట్'. మొదట్లో ఫ్లూట్‌లా వినపడేది ఫ్లూట్ కాదు, మెలోట్రాన్. కీ నొక్కితే లోపల ముందే రికార్డ్ చేసిన టేప్ ముక్క తిరుగుతుంది. ఇప్పుడు మనం వాడే శాంప్లర్‌కి తాత లాంటిది.

తర్వాత 'డు యూ రిమెంబర్ వాల్టర్'. చిన్ననాటి దోస్తుని తలుచుకుంటాడు. ఇప్పుడు ఎదురుపడితే ఇద్దరికీ మాట్లాడుకోడానికి ఏమీ ఉండదేమో అని కూడా అనుకుంటాడు. ఈ పాట దగ్గర నేను ఆగిపోయా. లంకాసాగర్ దాకా నాతో సైకిల్ తొక్కిన ఒక దోస్తు ఉన్నాడు. జాబ్ మానేశాక ఊరొచ్చిన ప్రతిసారీ వాడి షాప్ ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి ఇంటికెళ్లేవాణ్ణి. ఏం చేస్తున్నావురా అంటే ఏం చెప్పాలి?

మొన్న వెళ్లా. పది నిమిషాల్లో మాటలు అయిపోయాయి. పాటలో చెప్పినట్టే. అప్పుడు వాడే అడిగాడు, "అసలు ఏం పాటలురా అవి, జాబ్ మానేసి మరీ?" అని. చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాం. "ఇంగ్లీష్ అర్థం కాలేదుగానీ ఆ పిల్లనగ్రోవి బాగుందిరా" అన్నాడు. అది పిల్లనగ్రోవి కాదని చెప్పబుద్ధి కాలేదు.

ఇంకో మాట. ఇది ఊరు స్వర్గం అని పొగిడే ఆల్బమ్ అనుకోకండి. 'విలేజ్ గ్రీన్' పాటలో ఊరొదిలి వెళ్లిన వాడు ప్రేమించిన అమ్మాయి అక్కడి కిరాణా కొట్టు కుర్రాణ్ణి పెళ్లి చేసుకుంటుంది. ఊరు ఏమో టూరిస్టులు ఫొటోలు తీసుకునే చోటు అవుతుంది. చివరి పాట ఫొటోల పిచ్చి మీదే. లంకాసాగర్ సూర్యాస్తమయానికి ఫిల్టర్ పెట్టి రీల్ చేసిన నాకు అది గట్టిగానే తగిలింది. ఊరిని ప్రేమించడం వేరు, ఊరి ఫొటోని ప్రేమించడం వేరు.

దాదాపు 40 నిమిషాలే. షఫుల్ ఆపేసి, వరసగా ఒకసారి వినండి. నచ్చితే జాంబీస్ వాళ్ల 'ఒడెస్సీ అండ్ ఒరాకిల్' కూడా ట్రై చేయండి. 1968లో అది రిలీజయ్యేసరికే బ్యాండ్ విడిపోయింది. దాని కథ వచ్చే ఎపిసోడ్‌లో.

ఈలోపు మీ వాల్టర్ ఎవరైనా ఉంటే, ఒకసారి వెళ్లి కలవండి. పది నిమిషాల్లో మాటలు అయిపోయినా పర్లేదు. ఉంటా మరి.